రెండొందల అడుగుల పేర్లు

మెరకలంకలో ఇల్లు తగలబడితే పట్నం నుంచి ఫైరింజను రావడానికి ఓ పద్ధతుంది. ముందు ఫోను చెయ్యాలి. ఇంజను బయల్దేరి ముప్పై కిలోమీటర్లు వచ్చి గోదారి రేవులో ఆగాలి. అక్కణ్ణుంచి పంటు ఎక్కాలి. పంటువాడు అవతలి ఒడ్డున భోజనానికి కూర్చునుంటే వాడు చెయ్యి కడుక్కునేదాకా ఆగాలి. ఓసారి నిజంగానే వచ్చింది, కాదనకూడదు. ఇల్లు కాలింది సోమవారం, ఇంజను వచ్చింది మంగళవారం. ఆ వచ్చినవాళ్లు పాపం మంచివాళ్లు. బూడిద మీద ఓ మాటు నీళ్లు కొట్టి, ఇచ్చిన బొండాలు తాగి, మళ్లీ పంటు దొరకదేమోనని గబగబా వెళ్లిపోయారు.

అందుకని లంకవాళ్లు తమ మంట తామే ఆర్పుకునే ఏర్పాటొకటి చేసుకున్నారు. దాన్ని నిప్పు దళం అంటారు. పద్నాలుగు మంది మనుషులు, జీతం బత్తెం లేవు. పంచాయతీ వారి పాత ట్రాక్టరు ట్యాంకరు ఒకటి, ముప్పై బకెట్లు, తాటాకు లాగి పడెయ్యడానికి కొక్కేలున్న దోటీలు ఓ డజను. పక్కింటి కప్పు పీకేస్తే మంట దాటదు కదా, అందుకు దోటీలు. ఈ దళానికి పెద్ద సుంకర అబ్బులు. ఆయిలింజన్లు బాగు చేసుకు బతికే మనిషి. ట్యాంకరుకి పంపు బిగించిన ఇంజను కూడా అతని సొంతమే, ఊరికే పెట్టాడు.

ఖర్చులకి నెలకి ఇంటికో కొబ్బరికాయ. దాన్ని దళం కాయ అనేవారు. నెల మొదటి ఆదివారం అబ్బులు తోపుడు బండేసుకుని ఊరంతా తిరిగితే అరుగుల మీద కాయలు పెట్టుండేవి. ఎవరు పెట్టారో, ఎవరు ఎగ్గొట్టారో అడిగినవాడు లేడు. ఆ కాయలమ్మితే డీజిలుకీ బకెట్లకీ సరిపోయేది. పదకొండేళ్లు ఏ గొడవా లేకుండా అలా జరిగిపోయింది.

సరిపోనిది ఒక్కటే, పైపు. ఊళ్లో తాటాకుల సందని ఉంది. మిగతా ఊరంతా డాబాలూ పెంకుటిళ్లూ అయిపోయినా ఆ సందులో పద్నాలుగూ తాటాకిళ్లే. ఎదురుగా గేదె వస్తే మనిషి గోడకి అంటుకుపోవాలి, అంత వెడల్పు. ట్యాంకరు సందు మొగలో ఆగిపోతుంది. దళానికున్న పైపు అరవై అడుగులు. అది నాలుగో ఇంటిదాకా వెళ్లేది, అయిదో ఇంటి నుంచీ దేవుడే దిక్కు. కిందటేడు ఆ అయిదో ఇల్లే అంటుకుంది. పారుతున్న పైపు చేత్తో పట్టుకుని, నాలుగో ఇంటి ముందు నిలబడి, అబ్బులు ఆ ఇల్లు కాలిపోవడం చూశాడు. ఆ చూడ్డం ఎలాంటిదో అతన్నే అడగాలి. తొమ్మిదో ఇంట్లో అట్ల సీతారత్నం ఉంటుంది, పొద్దున్నే కట్టెల పొయ్యి మీద అట్లు పోసి అమ్ముతుంది. పన్నెండో ఇల్లు అబ్బులుదే. ఇంక అతనికి తిన్నా పడుకున్నా ఒకటే ధ్యాస. రోహిణి కార్తె వచ్చేలోగా రెండొందల అడుగుల పైపు రావాలి.

పైపు నలభై వేలు. కొబ్బరికాయలతో అయ్యే పని కాదు. అబ్బులు ఓ తెల్లకాగితం మీద పంచాయతీకి అర్జీ పెట్టుకున్నాడు. జీవితంలో అతను చేసిన పెద్ద తప్పు అదే.

అర్జీ ఎక్కడెక్కడ తిరిగిందో గానీ, మాఘమాసంలో ప్రజా భాగస్వామ్య విస్తరణాధికారి చిదంబరమూర్తి గారు మోటారుసైకిలుతో సహా పంటు దిగారు. చేతిలో ఆకుపచ్చ ఫైలు ఉంది. పంచాయతీ ఆఫీసులో సర్పంచి దొరబాబు గారు కుర్చీ వేయించారు. దళం దేనితో నడుస్తోందని అధికారి గారు అడిగారు. కొబ్బరికాయలతోనండి అన్నాడు అబ్బులు. అయితే కాయలిచ్చిన దాతల జాబితా చూపించమన్నారాయన. కాయ మీద పేరెవరు రాస్తారండీ అన్నాడు అబ్బులు, నవ్వుతూ. అధికారి గారు మాత్రం నవ్వలేదు.

"గుర్తింపు లేని దాతృత్వం గుర్తింపు లేని పాఠశాల వంటిది," అన్నారాయన. "అది నడుస్తున్నప్పటికీ నడుస్తున్నట్టు పరిగణించబడదు."

తరవాత ఫైలు విప్పి సర్క్యులరు చదివారు. స్వచ్ఛంద అగ్నిరక్షణ దళాల స్వయంపోషకత్వ పథకం. దాని ప్రకారం ఇకమీదట దళాలు దాతల మీదే బతకాలి. దళానికున్న ప్రతి వస్తువు మీదా దాత పేరు దాత కోరిన రీతిలో, చెరగని రంగుతో, పదడుగుల దూరానికి కనబడేట్టు ఉండాలి. అక్షరం సైజు విరాళాన్ని బట్టి. పేరు లేని వస్తువుతో ఆర్పిన మంట ఆర్పినట్టు లెక్క కాదు. పద్ధతి పాటించని దళం ట్యాంకరు మండలానికి స్వాధీనం చెయ్యాలి. దళం కాయ ఆ రోజుతో రద్దయిపోయింది.

ట్యాంకరు పోతుందన్న మాటకి బెదిరినా, అబ్బులు సాయంత్రానికి సర్దుకున్నాడు. పేర్లే కదా, రాయించేద్దాం, పైపయితే వస్తుంది అని సందులో అందరికీ ధైర్యం చెప్పాడు. అతని లెక్కా తప్పు కాదు. మెరకలంక సత్రంలో ఫ్యానుకి మూడు రెక్కలుంటే మూడింటి మీదా ముగ్గురి పేర్లుంటాయి. తిరిగితే చదవడం కుదరదని, భోజనాలప్పుడు వాళ్ల తాలూకు వాళ్లు ఫ్యాను ఆపించేస్తారు. ట్యూబులైటు మీద ఇచ్చినాయన పేరు ఎంత లావుగా ఉంటుందంటే వెలుతురు రెండు చివర్ల నుంచే వస్తుంది. అలాంటి ఊళ్లో దాతలకేం కొరత?

కొరత లేదు. కొరతంటూ వస్తే వస్తువులకే వచ్చింది. ముప్పై బకెట్లూ ఒక పూటలో అయిపోయాయి. ఒక్కో బకెట్టుకి ముగ్గురేసి దాతలు తేలారు. ఒకాయనకి అడుగుభాగం వచ్చిందని అలిగితే, ఆయన్ని సముదాయించడానికి బకెట్లన్నీ బోర్లించి తగిలించారు. దోటీ కర్రకి వెడల్పు చాలక పేరుని పైనుంచి కిందికి ఒక్కో అక్షరమే రాశారు. చదివేవాడు మెడ ఎత్తి మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చెయ్యాలి. దళం వాళ్ల టోపీల మీద పేర్లు పడ్డాక, పనిచేసేటప్పుడు తలొంచకూడదని షరతు వచ్చింది. ఈ రాతలన్నీ రాసినవాడు ప్రకాశం ఆర్ట్స్ ప్రకాశం. ప్రతి పేరు కిందా తన పేరూ ఫోను నెంబరూ కూడా రాసుకున్నాడు. ఆ చేత్తో తొమ్మిది పెళ్లి పందిళ్ల బేరాలు తెచ్చుకున్నాడు.

సర్పంచి దొరబాబు గారు పదిహేను వేలిచ్చి ట్యాంకరుకి ఒక పక్కంతా తీసుకున్నారు. నమస్కారం పెడుతున్న బొమ్మతో సహా. అంత ఇచ్చి, బండి రయ్యిన వెళ్లిపోతే ఎవరు చూస్తారని ఆయన బాధ. న్యాయమే కదా మరి. అందుకని పంచాయతీ తీర్మానం చేసింది. మంటకి వెళ్లేటప్పుడు ట్యాంకరు బజారులో మనిషి నడిచే వేగంతోనే వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు ఎంత జోరుగా వచ్చినా అభ్యంతరం లేదు, అప్పుడు రోడ్డు మీద జనం ఉండరు.

అబ్బులు అన్నిటికీ చిత్తం అన్నాడు. మనసులో మాత్రం ఫాల్గుణం వచ్చేసిందే, పైపు రాలేదే అనుకుంటున్నాడు.

ఇంతలో రైసుమిల్లు తాతబ్బాయి గారి దగ్గర పేచీ వచ్చింది. దొరబాబు గారికీ ఆయనకీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ట్యాంకరు నింపేది మిల్లు బోరు నీళ్లే. పదకొండేళ్ల నుంచి ఆయన ఊరికే ఇస్తున్నారు, ఇస్తున్నట్టు ఆయనకే గుర్తులేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. బకెట్టు ఇచ్చినవాడికి పేరు, కర్ర ఇచ్చినవాడికి పేరు, అసలు నీళ్లిచ్చిన నాకేదీ అన్నారు. నీళ్ల మీద ఎలా రాస్తామండీ అని దొరబాబు గారు వెటకారం చేశారు. అలాగయితే బోరు కట్టేస్తానన్నారు తాతబ్బాయి గారు. చిదంబరమూర్తి గారికి కబురు వెళ్లింది. ఆయన మళ్లీ పంటు దిగి, రెండు గంటలు సర్క్యులరు తిరగేసి, పరిష్కారం చెప్పారు.

"ద్రవ పదార్థముల విషయంలో గుర్తింపు దృశ్యరూపంలో సాధ్యం కానందున, శ్రవణరూపంలో కల్పించవచ్చును."

అంటే మైకు పెట్టి చదవాలన్నమాట. ట్యాంకరు మీద మైకు సెట్టు బిగించారు. వాల్వు తిప్పే ముందు ఈ నీళ్లు ఫలానా వారి విరాళమని చెప్పాలి. తాతబ్బాయి గారి పేరు మైకులో చదివి మా పేరు చదవరా అని మిగతా దాతలు ఊరుకుంటారా? అందరివీ చదవాల్సొచ్చింది. జాబితా మూడు పేజీలు తేలింది. దొరబాబు గారే చదువుతానని పట్టుబట్టారు. వాచీ పెట్టి చూస్తే తొమ్మిది నిమిషాలు పట్టింది, అదీ గారు, శ్రీ లాంటివి ఎక్కడా వదిలెయ్యకుండా.

చైత్రం నెలాఖరికి పైపు వచ్చింది. అడుగు రెండొందల రూపాయలు, అడుగుకో దాత. గుడ్డ పైపు, తెల్లగా, మెత్తగా, చుట్ట విప్పితే సందు చివరిదాకా పోయేట్టు ఉంది. దాన్ని చూడగానే అబ్బులు కళ్లలో నీళ్లు తిరిగాయి. సీతారత్నం అట్ల డబ్బులో దాచుకున్న రెండొందలు కూడా దాంట్లో ఉన్నాయి. పేరొద్దు నాయనా, నీళ్లు చాలు అందావిడ. అలా కుదరదు, నిబంధన అన్నారు. నూట ముప్పయ్యో అడుగు ఆవిడ పేర పడింది.

ప్రకాశం ఎనామిల్ రంగు మీద ఎనామిల్ రంగు, రెండు కోటింగులు వేశాడు. గుడ్డ పైపు మీద అంత రంగు వేస్తే బిగుసుకుపోతుంది, మడిస్తే పగులుతుంది, ఇంకుతో రాయండి బాబూ అని అబ్బులు మొత్తుకున్నాడు. ఇంకు చెరిగిపోతుందని అధికారి గారు ఒప్పుకోలేదు. పైపు చుట్టి పెడితే పేర్లు కనబడవు కాబట్టి పంచాయతీ ప్రహరీ గోడకి మేకులు కొట్టి, ఎండలో పొడుగ్గా వేలాడగట్టారు. ఓసారి నీళ్లు వదిలి చూద్దామన్నాడు అబ్బులు. తనిఖీకి ముందు తడిస్తే రంగు మెరుపు పోతుందన్నారు. తనిఖీ జ్యేష్ఠంలో ఉంది. జనం రోజూ సాయంత్రం గోడ దగ్గరికొచ్చి తమ అడుగు చూసుకుని, పక్కవాడి అక్షరాలు తమకంటే పెద్దవేమోనని జానతో కొలుచుకుని వెళ్లేవారు.

రోహిణి కార్తె మూడో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి సీతారత్నం పొయ్యిలోంచి ఓ రవ్వ ఎగిరి చూరులో పడింది. వడగాలి ఈడ్చి కొడుతోంది. అబ్బులు గోడ మీంచి పైపు లాగించి ట్యాంకరు మీద వేయించేసరికి సందులోంచి నల్లటి పొగ లేచింది. బజారులో ట్యాంకరు తీర్మానం ప్రకారం మనిషి నడిచే వేగంతో వెళ్లింది. పక్కనే దొరబాబు గారు కూర్చునుండగా డ్రైవరుకి అంతకన్నా ధైర్యం లేకపోయింది. అబ్బులు బండి దిగిపోయి పరిగెత్తాడు. ట్యాంకరు కంటే ముందు సందు మొగకి చేరి, బండి రాగానే పైపు బిగించి, రెండో చివర పట్టుకుని తొమ్మిదో ఇంటిదాకా ఈడ్చుకుపోయాడు. పైపు అందింది. అందడమే కాదు, ఇంకా చాలా మిగిలింది కూడా. జీవితంలో మొదటిసారి అతను ఆ ఇంటి ముందు పైపుతో నిలబడ్డాడు. వదలండర్రా అని కేకేశాడు. నీళ్లు రాలేదు. మైకులో దొరబాబు గారి గొంతు వచ్చింది.

అబ్బులు పైపు కింద పడేసి వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"బాబుగారూ, సీతారత్నం ఇల్లండీ. కాలిపోతోందండీ."

దొరబాబు గారు మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టారు. "రెండో పేజీలోకొచ్చేశానయ్యా. మధ్యలో ఆపితే మిగతావాళ్లు నన్ను బతకనివ్వరు."

అబ్బులు పదకొండేళ్లలో పెద్దవాళ్ల మాట కాదన్న మనిషి కాదు. ఆ వేళ కాదన్నాడు. దొరబాబు గారిని పక్కకి నెట్టి వాల్వు తిప్పేశాడు.

నీళ్లు బుసకొట్టుకుంటూ బయల్దేరాయి. మొదటి అడుగు దగ్గర రంగు పెళుక్కున పగిలి, పేరు మధ్యలోంచి సన్నటి ధార పైకి లేచింది. తరవాత రెండో అడుగు, మూడో అడుగు. నెల రోజులు ఎండలో ఎండిన ఎనామిలు ఒక్కో పేరు దగ్గరా ఒక్కో చోట పగులుతూ పోయింది. సందు పొడుగునా ఎవరి పేరు దగ్గర వారి నీళ్లు చిమ్మాయి. చివర పైపు మూతిలోంచి వచ్చింది మాత్రం ఓ చెంబుడు. దాతలు కొందరు పరిగెత్తుకొచ్చి తమ తమ అడుగుల దగ్గర నిలబడ్డారు. తడిసి ముద్దయినా ఒకాయన సెల్లులో ఫోటో తీసుకుంటున్నాడు, చూడు నాదెంత ఎత్తు లేచిందో అని.

నూట ముప్పయ్యో అడుగు సరిగ్గా సీతారత్నం గుమ్మం ముందు పడింది. ఆవిడ పేరు దగ్గర కూడా పగిలింది. ఆవిడ ఆ ధార కింద బిందె పెట్టి, నిండగానే కప్పు మీద విసిరి, మళ్లీ పెట్టింది. ఆ మధ్యాహ్నం ఆ ఇంటికి అందిన నీళ్లన్నీ ఆవిడ రెండొందలకి వచ్చినవే.

చివరికి దోటీలే ఆదుకున్నాయి. అబ్బులూ దళం వాళ్లూ టోపీలు అవతల పారేసి, తలలొంచి, ఎనిమిదో ఇంటి కప్పూ పదో ఇంటి కప్పూ పీకి పారేశారు. తడి గోనె సంచులు పరిచారు. మంట దాటలేదు. తొమ్మిదో ఇల్లు మాత్రం మట్టిగోడలు తప్ప ఏమీ మిగల్లేదు. సీతారత్నం చేతిలో అట్ల పెనం ఒకటుంది, ఎప్పుడు తెచ్చుకుందో. అబ్బులు ఆ బూడిద ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అరవై అడుగులప్పుడు పైపు అందలేదని సరిపెట్టుకున్నాడు, ఇప్పుడేమని సరిపెట్టుకుంటాడు?

సమీక్షా సమావేశం గురువారం జరిగింది. చిదంబరమూర్తి గారు నివేదిక చదివారు.

"మధ్యాహ్నం రెండుంపావుకి మంట సంపూర్ణంగా అదుపులోకి వచ్చినది. పైపు తన నిడివి పొడవునా ఎటువంటి వివక్ష లేకుండా నీటిని సమానముగా పంపిణీ చేసినది. పేర్లన్నియు స్పష్టముగా కనబడినవి."

జాబితా చదవడం పూర్తి కాకుండా నీళ్లు వదిలినందుకు అబ్బులుకి తాఖీదు ఇచ్చారు. పగుళ్ల మీద మూడో కోటింగు వెయ్యడానికి ప్రకాశానికి అనుమతి ఇచ్చారు. ఇల్లు పోయిన మనిషికి ఏమన్నా చేస్తారా అని అబ్బులు అడిగాడు. అది ఈ పథకం పరిధిలోకి రాదన్నారు. పోనీ రంగు లేని పైపు ఇంకోటి ఇప్పించండి అన్నాడు. పేరు లేని వస్తువుకి నిబంధనల్లో చోటు లేదన్నారు.

మూల నిలబడ్డ సీతారత్నం మెల్లిగా, ఎవరి వైపూ చూడకుండా ఓ మాటంది.

"ఎవరి పేరూ లేని నీళ్లు లేవా బాబూ ఈ ఊళ్లో?"

అబ్బులు ఆ మాట పట్టుకున్నాడు. ఆకుపచ్చ ఫైలు అడిగి తీసుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, ఒకచోట ఆగాడు. దాత పేరు దాత కోరిన రీతిలో అనుంది కదండీ, మరి ఆ దాత తన పేరు వెయ్యొద్దని కోరితేనో అనడిగాడు. ఎంతో వినయంగా అడిగాడు, ఇంజను ఎందుకు ఆగిందో ముందే తెలిసిన మేస్త్రీ సొంతదారుణ్ణి అడిగినట్టు.

అధికారి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఇలాంటి దాత తన సర్వీసులో తగల్లేదన్నారు. చాలాసేపు ఆలోచించి, కుదురుతుందన్నారు. అయితే ఒక వస్తువుకి అలాంటి దాత ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే పేర్లు లేని ఆ ఇద్దరిలో ఎవరెవరో తెలియక రికార్డుల్లో ఇబ్బంది వస్తుంది. రికార్డులో మాత్రం, పేరు వెల్లడించుటకు ఇష్టపడని మహాదాత అని రాస్తామన్నారు.

మహాదాత అన్న మాట వినబడగానే దొరబాబు గారు కుర్చీలో ముందుకి జరిగారు. ఆ వెనకాల తాతబ్బాయి గారు గొంతు సవరించుకున్నారు. రెండొందల మందిలో ఒకడిగా అడుగు మేర ఉండటం వేరు, ఊరు మొత్తానికి ఒకే ఒక్కడిగా ఉండటం వేరు. లంకలో చేపల చెరువు దగ్గర్నుంచి వినాయకుడి లడ్డూ దాకా ఏదయినా వేలంపాటలోనే తేలుతుంది. ఇదీ అంతే అన్నారంతా. పాటకి ముందు అబ్బులు లేచి ఒక్క షరతు పెట్టాడు. పైపుకి పోగా మిగిలింది సీతారత్నం ఇంటి మీద రేకులకి వెళ్లాలి, ఆ రేకుల మీద కూడా పేరుండకూడదు. ఎంత లేకపోతే అంత గొప్ప అనుకున్నారేమో, ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

దొరబాబు గారు మొదలెట్టారు. నాకు పేరంటే మోజు లేదు, నలభై అయిదు వేలు అన్నారు. నాకు మొదట్నుంచీ లేదు, యాభై అన్నారు తాతబ్బాయి గారు. నేను మా ఇంటి గోడ మీద కూడా పేరు రాయించుకోలేదు, అరవై. నా పేరు నేనే ఒక్కోసారి మర్చిపోతాను, డెబ్బయ్యయిదు. ఇలా ఒకరి వినయం మీద ఇంకొకరి వినయం పెరుగుతూ పోయింది. లక్షా పది వేల దగ్గర దొరబాబు గారు తనకి అంత వినయం లేదని ఒప్పుకుని కూర్చున్నారు. అజ్ఞాత దాత హోదా తాతబ్బాయి గారికి దక్కింది. జనం చప్పట్లు కొట్టారు.

పైపు పది రోజుల్లో వచ్చింది. తెల్లగా, మెత్తగా, ఒక్క అక్షరం లేకుండా. అబ్బులు దాన్ని తన ఇంట్లోనే మంచం కింద చుట్టి పెట్టుకున్నాడు, ప్రకాశాన్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు. సీతారత్నం ఇంటికి రేకులు పడ్డాయి. ఆవిడ మళ్లీ అట్లు పోస్తోంది.

తాతబ్బాయి గారు మటుకు మాట మీదే నిలబడ్డారు. పైపు మీద పేరు వెయ్యనివ్వలేదు. తాటాకుల సందు మొగలో పదహారడుగుల ఫ్లెక్సీ మాత్రం కట్టించారు. పైన ఆయన నిలువెత్తు ఫోటో, మధ్యలో పేరు, పక్కల పేరు, బంధుమిత్రుల శుభాకాంక్షల్లో పేరు, మొత్తం పదకొండు సార్లు. అట్టడుగున మాత్రం సన్నగా అజ్ఞాత దాత అని రాయించారు. దాని ఆవిష్కరణకి ఓ సంజవేళ బ్యాండు మేళంతో ఊరేగింపు వచ్చింది. బ్యాండు వెనక ట్యాంకరు, ట్యాంకరు వెనక తాతబ్బాయి గారు, ఆయన వెనక బాణాసంచా. తాటాకిళ్ల పక్కన తారాజువ్వలేంటండీ అని అబ్బులు ఆయన చేతులు పట్టుకున్నాడు. మంచి పనికి అపశకునం మాటలాడకు అన్నారు.

రెండో తారాజువ్వ ఫ్లెక్సీలోకి దూరింది. మూడోది పదకొండో ఇంటి కప్పు మీద పడింది.

ఆ రోజు ఎందుకో మైకు పలకలేదు. ఆయిలింజన్లు బాగు చేసేవాడికి మైకు సెట్లు పాడు చెయ్యడం కూడా తెలిసుంటుందని ఎవరికీ తట్టలేదు. దొరబాబు గారు మూడు పేజీలూ చేత్తో పట్టుకుని మైకుని తట్టి చూస్తూ నిలబడిపోయారు. ఊరేగింపు బయల్దేరకముందే ట్యాంకరుకి బిగించి పెట్టుకున్న కొత్త పైపు లాక్కుని అబ్బులు సందులోకి పరిగెత్తాడు. దారికి అడ్డంగా తాతబ్బాయి గారు నిలబడి, ముందు ఫ్లెక్సీ, ముందు ఫ్లెక్సీ అని అరుస్తున్నారు. అబ్బులు ఆయన చంక కిందనుంచి దూరిపోయాడు. పదకొండో ఇంటి ముందు నిలబడి వదలండర్రా అన్నాడు. ఈసారి నీళ్లు మొగలోంచి చివరిదాకా దారిలో ఎవరి దగ్గరా ఆగకుండా వచ్చి, పైపు మూతిలోంచి ఒక్కసారిగా ఎగదన్నాయి. చూరు తడిసింది, కప్పు తడిసింది, అయిదు నిమిషాల్లో పొగ తప్ప ఏమీ లేదు. పన్నెండో ఇంట్లోంచి అబ్బులు భార్య బయటికొచ్చి చూసి, మళ్లీ లోపలికెళ్లి పొయ్యి మీది అన్నం దించుకుంది. ఆ సందులో మంట ఆరడం అంత మామూలు సంగతిగా జరగడం అదే మొదలు.

అన్నీ అయ్యాక ఫ్లెక్సీ దగ్గరికొచ్చి దాన్నీ ఆర్పారు. ఫోటో కాలిపోయింది, పదకొండు పేర్లూ కాలిపోయాయి. అడుగున ఓ జానెడు ముక్క మిగిలింది. దాని మీద అజ్ఞాత దాత అని మాత్రం చక్కగా కనబడుతోంది. తాతబ్బాయి గారు దాన్ని చూసి ఇంటికి నడిచారు.

తరవాతి నెల మొదటి ఆదివారం అబ్బులు మళ్లీ తోపుడు బండి తీశాడు. దళం కాయ రద్దయిందని ఎవరూ గుర్తు చెయ్యలేదు. అరుగుల మీద కాయలు ఎప్పట్లాగే ఉన్నాయి. సీతారత్నం ఓ కాయతో పాటు రెండు అట్లు పొట్లం కట్టిచ్చింది. మిల్లు అరుగు మీద ఈసారి ఒకటి కాదు, గంపెడు కాయలున్నాయి. ఒక్కో కాయ మీదా ఎర్ర ఎనామిలుతో తాతబ్బాయి గారి పేరు, కింద ప్రకాశం ఫోను నెంబరు.

అబ్బులు వాటిని ఇంటికి తెచ్చుకుని, గునపం పాతుకుని, కాయలన్నీ వొలిచాడు. పేర్లున్న పీచు ఓ పక్కన కుప్పపోశాడు. కాయలు సంతకెళ్లాయి, పీచు సీతారత్నం పొయ్యిలోకెళ్లింది.